కాన్పుకి తోడు వెళ్తున్నారా? ఆమె పక్కన ఎలా ఉండాలో ముందే తెలుసుకోండి

మా తిరుపతి వైపు ఒక కాన్పు అంటే ఆసుపత్రికి తక్కువలో తక్కువ ఐదారుగురు బయల్దేరతారు. అమ్మ, అత్త, మొగుడు, మేనమామ, కారు తోలే తమ్ముడు, వద్దన్నా వచ్చే పక్కింటి పెద్దమ్మ. ఇంతమంది వెళ్లాక కూడా లోపల మంచం మీద నొప్పులు పడేటప్పుడు ఆమె ఒక్కతే ఉంటుంది, మిగతావాళ్లు వరండాలో కూర్చుని ఫోన్లో అందరికీ "ఇంకా కాలేదు, ఇంకా కాలేదు" అని చెప్తూ ఉంటారు. ఇంటికొచ్చాకా అదే వరస. బిడ్డని ఎత్తుకోవడానికి పోటీలు పడతారు, తల్లి పొద్దున్నుంచి ఏమైనా తిందా అని అడిగేవాళ్లు ఉండరు.

అందుకే ఇది గర్భిణి కోసం రాయడం లేదు, ఆమెకి తోడుగా ఉండబోయే మనిషి కోసం రాస్తున్నా. మీరు అమ్మ కావచ్చు, అక్క కావచ్చు, భర్త కావచ్చు. బిడ్డని చూసుకోవడానికి చాలామంది ఉంటారు, తల్లి బాధ్యత మాత్రం మీది అనుకుని చదవండి. ఇదేదో సెంటిమెంటు మాట అనుకోకండి. నొప్పులు మొదలైనప్పటి నుంచి ఒక మనిషి వదలకుండా పక్కనే ఉంటే నార్మల్ కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందనీ, నొప్పుల సమయం కొంత తగ్గుతుందనీ, ఆపరేషన్లు తగ్గుతాయనీ 17 దేశాల్లో 15 వేల మందికి పైగా ఆడవాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2017లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ వాళ్లు తేల్చారు. మందు లేదు, మెషీన్ లేదు, పక్కన ఒక మనిషి అంతే.

ఎనిమిదో నెల: ముందు మనిషిని ఖాయం చేయండి

"నీ పక్కన ఎవరుంటే బాగుంటుంది?" అని ఆమెనే అడగండి. మనం అనుకున్న పేరు రాకపోవచ్చు. కన్నతల్లే అయినా చిన్నదానికి కంగారుపడి ఏడ్చే మనిషైతే వద్దంటుంది, ఒక్కోసారి అమ్మకన్నా పిన్ని నయం అంటుంది, వదిన కావాలంటుంది. ఎవరూ అలగక్కర్లేదు. నొప్పులు పడేది ఆమె కాబట్టి ఎంపిక కూడా ఆమెదే.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడుని రానివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. షరతులు కొన్ని ఉన్నాయి. ఆడమనిషి అయి ఉండాలి, వీలైతే తను కూడా పిల్లల్ని కన్న మనిషై ఉండాలి, దగ్గు జ్వరం లాంటి అంటుజబ్బులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి, చివరిదాకా ఉండాలి, డాక్టర్ల పనికి అడ్డం పడకూడదు, పక్క మంచం వాళ్లకి సలహాలు ఇవ్వకూడదు (ఈ చివరిది మనవాళ్లకి చాలా కష్టం). మంచానికీ మంచానికీ చాటు ఉన్నచోట భర్తని కూడా రానిస్తారు. ఇవన్నీ కాగితం మీద ఉన్నంత మాత్రాన ప్రతిచోటా అమలవుతాయని అనుకోకండి. తొమ్మిదో నెల చెకప్‌కి వెళ్లినప్పుడే సిస్టర్‌ని అడిగి ఉంచుకోండి: లోపలికి ఒకరిని పంపిస్తారా, రాత్రిపూట కూడా ఉండనిస్తారా, మధ్యలో మనిషి మారొచ్చా. ప్రైవేటులో కాన్పైతే ఈ మాట డాక్టర్‌తోనే తేల్చుకోండి.

లోపలి మనిషి తేలాక బయటి మనిషిని కూడా ఖాయం చేయండి. ఓపీ చీటీ, మందుల షాపు, రక్తం, టిఫిను, చుట్టాల ఫోన్లు, అన్నీ ఆయన పని. లోపలి మనిషి చేతిలో ఫోన్ మోగకూడదు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే నొప్పి వచ్చిన నిమిషంలోనే మదనపల్లె మేనత్త ఫోన్ చేస్తుంది.

ఏ ఆసుపత్రి, ఏ దారి, ఏ సంచి

తిరుపతిలో రుయా ఆసుపత్రి పక్కనున్న ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి జిల్లా నలుమూలల నుంచీ వస్తారు, రద్దీ ఎక్కువ, ఒక మంచానికి పక్కన ఎప్పుడూ ఇంకో మంచం ఉంటుంది. స్విమ్స్ కింద పద్మావతి మహిళా వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. చిత్తూరు వాళ్లకి జిల్లా ఆసుపత్రి, కుప్పం వాళ్లకి పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి, సరిహద్దు ఊళ్ల వాళ్లు చాలామంది వేలూరు సీఎంసీకి పోతారు. ఎక్కడికి వెళ్లినా పర్లేదు, కానీ ఆమెకి బీపీ, షుగర్, కవలలు, రక్తం బాగా తక్కువ, బిడ్డ ఎదురుకాళ్లు, ముందు కాన్పు ఆపరేషన్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రక్తం, మత్తు డాక్టరు, పసిపిల్లల ఐసీయూ ఉన్న చోటే నేరుగా చేర్చండి. ఊరి నర్సింగ్ హోమ్‌లో చేర్చి, అర్ధరాత్రి "ఇక్కడ మావల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అనిపించుకోవడం కన్నా ముందే వెళ్లడం మేలు.

దారి సంగతి కూడా చూసుకోండి. పలమనేరు వైపు నుంచి చిత్తూరు రావాలంటే మొగిలి ఘాట్, మదనపల్లె పీలేరు వైపు నుంచి తిరుపతికైతే భాకరాపేట ఘాట్. నొప్పులు ముదిరాక ఆ మలుపుల్లో కారులో కూర్చోవడం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. అలాంటి ఊళ్ల వాళ్లు తేదీకి నాలుగైదు రోజులు ముందే ఆసుపత్రి ఉన్న ఊళ్లో చుట్టాలింట్లో దిగడం మంచిది. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు, వైకుంఠ ఏకాదశి, మే నెలలో గంగమ్మ జాతర, ఇవి డెలివరీ తేదీకి దగ్గరగా పడితే అలిపిరి రోడ్డుని నమ్ముకోకుండా వేరే దారి చూసి పెట్టుకోండి. నవంబరు వానలప్పుడు కూడా అంతే. 108కి ఎలాగూ ఫోన్ చేస్తారు, దాంతోపాటు రాత్రి ఎన్నింటికి లేపినా వచ్చే ఒక ఆటో అన్న నంబరు గోడ మీద రాసి ఉంచండి.

సంచిలో ఆధార్, తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ రిపోర్టులన్నీ, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్. ముందు బటన్లున్న నైటీలు మూడు నాలుగు, పెద్ద సైజు ప్యాడ్లు, ఎండలో ఆరేసిన పాత మెత్తటి కాటన్ చీర ముక్కలు, ఫ్లాస్కు, గ్లాసు, స్పూను, చెంబు, చిన్న బకెట్, చాప, చార్జరు, చిల్లర. తోడుండేవాళ్లకి కూడా ఒక జత బట్టలు, ఒక దుప్పటి. బిడ్డకి కొత్త బట్టలు వద్దు, ఉతికిన పాతవే మెత్తగా ఉంటాయి. అదే రక్తం గ్రూపున్న ఇద్దరితో ముందే మాట్లాడి పెట్టుకోండి, అప్పటికప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో "అర్జెంట్ ఓ నెగటివ్" అని పెట్టే గతి పట్టకూడదు.

ఎప్పుడు బయల్దేరాలి

తొలి కాన్పైతే నొప్పులు ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం దాకా, ఇలా గంట పాటు వస్తే బయల్దేరండి. రెండో కాన్పు త్వరగా అవుతుంది, ఇంకాస్త ముందే లేవండి. పైన చెప్పిన ఘాట్ రోడ్డు ఊళ్ల వాళ్లు ఇంత లెక్క చూసుకుంటూ కూర్చోకండి.

కొన్నింటికి నొప్పులతో పని లేదు, వెంటనే పోవాలి: ఉమ్మనీరు పోవడం (ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దు), రక్తం పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, తలపగిలే నొప్పి, కళ్లు మసకబారడం, ఫిట్స్, నెలలు నిండకముందే నొప్పులు.

ఇంకో మాట. దారిలో ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఆగి "నొప్పులు త్వరగా రావడానికి" ఇంజెక్షన్ వేయించుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మందు ఆసుపత్రిలో, చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె చూసుకుంటూ ఇచ్చేది. చేతికి పొడిచి పంపిస్తే గర్భసంచి చీలిపోవచ్చు, బిడ్డకి ఊపిరాడకపోవచ్చు. ఆముదం తాగించడం కూడా వద్దు, విరేచనాలై ఉన్న ఓపిక పోతుంది.

నొప్పుల్లో మీరు చేయాల్సింది

అసలు పని ఇక్కడుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

తొలి కాన్పులో గర్భసంచి ముఖద్వారం ఐదు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా చాలా టైం పడుతుంది, ఒక్కోసారి రాత్రంతా. ఆ తర్వాత కూడా పన్నెండు గంటల దాకా పట్టొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లోనే ఉంది. "గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలి, ఈమెకి కావట్లేదు" అని ఎవరో అంటే కంగారుపడి "ఆపరేషన్ చేసేయండి మేడమ్" అని మీరే అడగొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే, అందులో మనవాళ్ల తొందర కూడా కొంత ఉందని నా అనుమానం. ముహూర్తం చూసుకుని వచ్చేవాళ్ల గురించి ఇక చెప్పను, ఆ గోల వేరే.

మొదట్లో నొప్పులు దూరం దూరంగా ఉన్నప్పుడు నడిపించండి. వార్డులో అటూ ఇటూ, మీ భుజం పట్టుకుని. నొప్పి వచ్చినప్పుడు ఆగి గోడకో, మీకో ఆనుకోనివ్వండి. పడుకుంటే ఎడమ పక్కకి తిరగమనండి, వెల్లకిలా వద్దు. రెండు గంటలకోసారి ఒంటేలుకి లేపండి, ఆమెకి వచ్చినట్టు తెలియదు, మూత్రసంచి నిండి ఉంటే బిడ్డ దిగడం కష్టం.

తిండి, నీళ్లు: ఏ ఇబ్బందీ లేని కాన్పైతే తినొద్దని కడుపు మాడ్చక్కర్లేదు. డాక్టర్‌ని అడిగి గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు, మెత్తటి ఇడ్లీ ఒకటి. రెండు నొప్పుల మధ్య రెండు గుక్కలు. గ్లాసు మొత్తం ఒకేసారి తాగమని బలవంతం చేస్తే వాంతి చేసుకుంటుంది.

నడుం నొప్పి. మా చెల్లెలికి నొప్పులన్నీ వెనకే వచ్చాయి, కడుపులో కన్నా నడుంలోనే. మా పిన్ని ఏం చేసిందంటే, నొప్పి మొదలవగానే అరచేతి కింది గట్టి భాగాన్ని తుంటి ఎముకల మధ్య, వెన్ను చివర, గట్టిగా ఆనించి తన బరువంతా దాని మీద వేసింది. రుద్దలేదు, కదపలేదు, ఊరికే నొక్కి పట్టుకుంది, నొప్పి దిగేదాకా. తీసేసిన మరుక్షణం "పిన్నీ, తీయొద్దు, తీయొద్దు" అని మా చెల్లెలు ఆ చెయ్యిని మళ్లీ నడుం మీదకి లాక్కుంది. ఒక చెయ్యి అలిసిపోతే ఇంకో చెయ్యి. మీరూ అదే చేయండి, ఎంత గట్టిగా నొక్కాలో ఆమే చెప్తుంది. కొంతమందికి అసలు ముట్టుకోవడమే చిరాకు, అప్పుడు చెయ్యి తీసేసి పక్కన కూర్చోండి, దానికీ నొచ్చుకోవద్దు.

ఊపిరి బిగబట్టకుండా చూడండి. ముక్కుతో తీసుకుని నోటితో నెమ్మదిగా వదలమని చెప్పేకంటే మీరే ఆమె ముఖం ముందు అలా చేస్తూ ఉంటే ఆమె కూడా మీ లయ పట్టుకుంటుంది. తడిగుడ్డతో మొహం తుడవండి. మే నెలలో ఫ్యాన్ సరిపోదు, అట్టముక్కతో విసరండి.

మాటలు జాగ్రత్త. "మేమంతా కనలేదా", "ఇంతకే ఇంత అరిస్తే ఎట్లా", "అరవొద్దు, పక్కనోళ్లు వింటారు", ఇవి ఆ గదిలోకి రాకూడదు. అరిస్తే అరవనివ్వండి. "ఇది అయిపోయింది, ఇంకోటి తగ్గింది", "బాగా చేస్తున్నావు", "నేనిక్కడే ఉన్నా", ఇంతే చాలు, అవే మాటలు వందసార్లు చెప్పినా ఆమెకి విసుగు రాదు. ఒక దశలో వణుకు, వాంతి, "నావల్ల కాదు, నన్ను ఇంటికి తీసుకుపో" అనడం వస్తాయి. మీరు భయపడతారు, కానీ చాలాసార్లు అది ముఖద్వారం దాదాపు పూర్తిగా తెరుచుకున్న సమయం. వెంటనే సిస్టర్‌ని పిలవండి.

ముక్కమని డాక్టరో సిస్టరో చెప్పేదాకా మీరు చెప్పకండి, ముందే ముక్కితే ఓపిక అయిపోతుంది, ముఖద్వారం వాస్తుంది. పై నుంచి కడుపు మీద ఎవరైనా బలంగా నొక్కుతుంటే "మేడమ్, అది అవసరమా అండీ?" అని నెమ్మదిగా అడగండి. అలా నొక్కి బిడ్డని తోయడం ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దన్న పనుల్లో ఒకటి. బిడ్డ బయటికి రావడానికి కింద పెట్టే కోత కూడా అందరికీ అలవాటుగా పెట్టేది కాదు, అవసరమైతేనే. అడగడంలో మర్యాద ఉంచండి, గొడవ పెట్టుకుంటే మిమ్మల్ని బయటికి పంపిస్తారు, అప్పుడు ఆమెకి ఎవరూ ఉండరు. ఎవరైనా ఆమెని తిడుతుంటే మాత్రం మధ్యలో నిలబడి "సిస్టర్, ఆమె భయపడుతోంది, నాకు చెప్పండి, నేను చెప్తా" అనండి. చాలాసార్లు దాంతో సర్దుకుంటుంది.

ఆపరేషన్ అయితే

కొన్నిసార్లు తప్పదు, ఏడవాల్సిన పని లేదు, ఆమెతో "నార్మల్ కాలేదే" అని ఎప్పటికీ అనకూడదు. థియేటర్‌లోకి మిమ్మల్ని రానివ్వకపోవచ్చు. బయటికి తేగానే బిడ్డని ఆమె గుండె దగ్గరికి చేర్చమని అడగండి, పాలు పట్టడానికి పక్కకి తిప్పి, వెనక దిండు పెట్టి, బిడ్డని మీరు పట్టుకుని ఆనించాలి, ఆమె చేతికి సెలైన్ ఉంటుంది. సిస్టర్ చెప్పినప్పుడు లేపి నాలుగడుగులు వేయించండి, రక్తం గడ్డకట్టకుండా అది అవసరం. దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోమనండి.

పుట్టిన గంట

ఏడుపు వినగానే అందరి కళ్లూ బిడ్డ మీదకి పోతాయి. మీ కళ్లు తల్లి మీదే ఉండాలి. మాయ పడిందా, రక్తం ఎంత పోతోంది. మొదటి రెండు గంటలే ప్రమాదం. పావుగంటకోసారి ప్యాడ్ చూడండి, తడిసి ముద్దవుతుంటే, ఆమె మొహం పాలిపోతుంటే, చల్లటి చెమట పడుతుంటే, "కళ్లు తిరుగుతున్నాయి" అంటే ఎవరి కోసమూ ఆగకుండా కేకేయండి. కాన్పుల్లో తల్లులు పోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి, నిమిషాల్లో జరుగుతుంది.

బిడ్డ బాగుంటే ఒంటి మీద గుడ్డ లేకుండా తల్లి గుండెల మీద పడుకోబెట్టి పైన దుప్పటి కప్పాలి. గంటలోపు ముర్రుపాలు. పసుపుగా చిక్కగా ఉందని పిండి పారబోయడం మన దగ్గర ఇంకా పూర్తిగా పోలేదు, ఆ నాలుగు చుక్కలే బిడ్డకి మొదటి టీకా. తేనె వద్దు, చక్కెర నీళ్లు వద్దు, వీధిలో తిప్పుతూ అమ్మే గాడిద పాలు అసలే వద్దు. స్నానం ఒక రోజు ఆగాక. బొడ్డు మీద ఏమీ పూయకూడదు, ఊరికే పొడిగా ఉంచడమే. పుట్టినప్పుడు వేయాల్సినవి బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి, విటమిన్ కె ఇంజెక్షన్, వేశారో లేదో కార్డులో చూసుకోండి.

"మగపిల్లాడు, ఇంత ఇవ్వండి" అని చేయి చాచేవాళ్లు కనిపిస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, తల్లికి భోజనం అన్నీ ఉచితమే, 2011 నుంచి జననీ శిశు సురక్ష పథకం కింద. నార్మల్ అయితే మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు తిండి పెట్టాలి. ఇంటికి దింపడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అడగండి. నార్మల్ అయినా 48 గంటలు ఆసుపత్రిలోనే ఉంచండి, "మంచి రోజు కాదు, రేపటికల్లా ఇంటికి పోదాం" అనే పెద్దల్ని మీరే ఆపాలి.

ఇంటికొచ్చాక: గాలి, నీళ్లు, తిండి

మా బంధువులింట్లో ఒకసారి చూశా. మే నెల, కొర్లగుంటలో మేడ మీది గది. కిటికీలు మూసి, సందులకి గుడ్డలు కుక్కి, బాలింత చెవుల్లో దూది, తలకి కండువా, మూల సాంబ్రాణి పొగ. ఆమె నైటీ వీపంతా తడిసి అంటుకుపోయింది. చెంబులో నీళ్లున్నాయి గానీ చెయ్యి చాపడానికి అత్త వైపు చూస్తోంది, రోజుకి రెండే గ్లాసులట, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందట.

నీళ్లు తాగితే పొట్ట జారదు. తాగకపోతే మలబద్ధకం, ఒంటేలు మంట, పైగా ఎండాకాలం ఒంట్లో నీరు ఇంకిపోతుంది. ప్రతిసారీ పాలిచ్చే ముందు ఒక పెద్ద గ్లాసు నీళ్లు ఆమె చేతికందేలా పెట్టండి. కిటికీ తీయండి, ఫ్యాన్ వేయండి, గాలి నేరుగా బిడ్డ మీదకి రాకుండా చూస్తే చాలు. సాంబ్రాణి పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకి మంచిది కాదు, దాన్ని దేవుడి గదికి పంపేయండి.

తిండి విషయంలో పెద్దవాళ్లతో పోట్లాడకండి, బేరం ఆడండి. సొంటి, మిరియాలు, వాము, వెల్లుల్లి కారం పెడతామంటే పెట్టనివ్వండి, వాటివల్ల నష్టమేమీ లేదు. కానీ ఆ కారం అన్నమే మూడు పూటలా పెట్టి, పప్పు వాతం, కూరగాయ చల్లన, గుడ్డు వేడి, పెరుగు జలుబు అంటే కుదరదు. పాలిచ్చే తల్లికి మామూలు రోజుల కన్నా మరో ఆరువందల కేలరీలు కావాలి, అంటే దాదాపు ఇంకో పూట భోజనం. రాగి సంగటి, పప్పు, మునగాకు వేపుడు, గుడ్లు, పాలు, చేపలు తినే ఇళ్లయితే చేపలు. మన జిల్లాలో రాగులకి కొదవేముంది. రాత్రి రెండింటికి పాలిచ్చేటప్పుడు ఆకలేస్తుంది, అప్పటికి వేరుశనగ ఉండలో, రాగి జావో పక్కన పెట్టి ఉంచండి, ఆమె వంటింట్లోకి లేచి వెళ్లకూడదు. ఐరన్ మాత్ర ఆరు నెలలు, కాల్షియం కూడా ఆరు నెలలు, రెండూ ఒకేసారి కాకుండా వేరువేరు పూటల్లో. కాన్పయిపోయిందిగా అని మాత్రలు ఆపేసే ఇళ్లే ఎక్కువ.

కుట్లుంటే ఒంటేలుకి వెళ్లిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడగాలి, మెత్తటి గుడ్డతో అద్దాలి. పురిటి స్నానం పేరుతో మరిగే నీళ్లు పొట్ట మీద దబదబా కొట్టడం, ముఖ్యంగా ఆపరేషన్ అయినవాళ్లకి, వద్దే వద్దు.

పాలు రాలేదనే గోల

మొదటి రెండు మూడు రోజులు పాలు కొంచెమే వస్తాయి, బిడ్డ పొట్ట కూడా చిన్నదే. "పాలు లేవు, డబ్బా పట్టండి" అనే మాట ఆ సమయంలోనే వస్తుంది, మీరు ఆపాల్సిన మాట అది. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు ఆనిస్తే పాలు వాటంతట అవే పెరుగుతాయి. బిడ్డ నోరు బాగా తెరిచి, ఒట్టి చనుమొన కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి తీసుకోవాలి. ఆమెకి నొప్పి పుడుతుంటే పట్టు సరిగా లేదని అర్థం, వేలితో విడిపించి మళ్లీ పట్టించండి. మొదటి వారం దాటాక రోజుకి ఆరు గుడ్డలు తడిపితే పాలు సరిపోతున్నట్టే. ఆరు నెలల దాకా ఎండాకాలమైనా బిడ్డకి విడిగా నీళ్లు అక్కర్లేదు. రొమ్ములు రాయిలా గట్టిపడితే వేడిగుడ్డ కాపడం పెట్టి కొంచెం పిండి, అప్పుడు బిడ్డకి ఇవ్వాలి. ఎర్రబడి జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి, పాలివ్వడం మాత్రం ఆపొద్దు.

నిద్ర, చుట్టాలు, మొగుడు

గుడ్డలు మార్చడం, త్రేన్పు తెప్పించడం, నిద్రపుచ్చడం, బట్టలు ఉతకడం అందరూ చేయొచ్చు, ఆమె ఒక్కతే చేయగలిగింది పాలివ్వడం. పాలిచ్చాక బిడ్డని మీరు తీసుకుని వేరే గదికి వెళ్లిపోండి, రోజులో ఒక్కసారైనా ఆమెకి వరసగా మూడు నాలుగు గంటలు నిద్ర పట్టేలా. చుట్టాలు సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర మధ్య రావొచ్చు అని చెప్పేయండి, మొహమాటం వద్దు, చెడ్డపేరు మీరే మోయండి. దగ్గుతున్నవాళ్లు గుమ్మం దాకానే.

పుట్టింట్లో మూడో నెల, ఐదో నెల దాకా ఉంచడం మన అలవాటు, మంచిదే. దాంతో మొగుడికి ఏ పనీ లేదనుకుంటారు. ఆదివారం స్వీట్ ప్యాకెట్ పట్టుకొచ్చి, బిడ్డతో సెల్ఫీ దిగి, బిర్యానీ తిని వెళ్లిపోయే అల్లుళ్లని చాలామందిని చూశా. ఆ రాత్రి ఉండండి బాబూ. అర్ధరాత్రి గుడ్డ మార్చండి. ఆమెని "నువ్వెలా ఉన్నావ్" అని అడగండి, జవాబు చెప్పేదాకా వినండి.

ఏడుపు

మూడో రోజు నుంచి ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకి నిద్ర పట్టకపోతే, బిడ్డని చూస్తే ఏమీ అనిపించట్లేదంటే, "నేను లేకపోతేనే మీకందరికీ బాగుంటుంది" లాంటి మాట ఒక్కసారి అన్నా సరే, అది జబ్బు, దానికి మందుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని కూర్చోకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఏ టైంలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఎవరికీ కనిపించనివి కనిపిస్తున్నాయని అన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, తనకో బిడ్డకో హాని చేసుకుంటుందేమోనని అనిపించినా ఆమెని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి.

వెంటనే లేవాల్సిన సందర్భాలు

ఇది ఫ్రిజ్ మీద అంటించుకోండి. తల్లికి: గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడవడం, పెద్ద గడ్డలు పడటం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కంపు వాసన, తగ్గని తలనొప్పి, చూపు మసక, ఫిట్స్ (బీపీ లేనివాళ్లకి కూడా కాన్పయ్యాక ఆరు వారాల దాకా రావొచ్చు), ఒక కాలే వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, ఛాతీ నొప్పి, కుట్ల దగ్గర చీము. బిడ్డకి: పాలు తాగకపోవడం, మత్తుగా ఉండటం, ఒళ్లు కాలడం లేదా చల్లబడటం, నిమిషానికి అరవై దాటిన ఊపిరి, డొక్కలు ఎగరేయడం, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడటం, బొడ్డు దగ్గర చీము. వీటిలో దేనికీ "రేపు చూద్దాం" లేదు, 108.

42వ రోజు దాకా

ఆసుపత్రి కాన్పైతే ఆశా అక్క 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. రాకపోతే మీరే ఫోన్ చేయండి. వచ్చినప్పుడు బిడ్డ బరువు చూసి వెళ్లిపోతుంటే "అక్కా, అమ్మాయికి బీపీ కూడా చూపించాలి కదా, పీహెచ్‌సీకి ఎప్పుడు తీసుకురావాలి" అని అడగండి. తొలి కాన్పుకి ప్రధానమంత్రి మాతృ వందన పథకం కింద 5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 వస్తాయి, కాగితాలు ఎక్కడ ఇవ్వాలో ఆశా అక్కని అడగండి, ఆమె సొంత బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకై ఉండాలి. జనన నమోదు 21 రోజుల్లోపు ఉచితం. పేరు పెట్టలేదని ఆగొద్దు, పేరు తర్వాత చేర్చుకోవచ్చు.

తిరుమల సంగతి ఎలాగూ అడుగుతారు. ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకి సుపథం అనే ప్రత్యేక ద్వారం దగ్గర నుంచి దర్శనానికి వదులుతారు, కాబట్టి పురుడు వెళ్లిన మర్నాడే కొండెక్కే తొందరేమీ లేదు, కుట్లు ఆరి, ఆమె "వెళ్దాం" అన్నప్పుడు వెళ్లండి.

ఆరు వారాలకి బిడ్డ టీకా రోజు వస్తుంది. ఆ రోజు బిడ్డతో పాటు ఆమెని కూడా డాక్టర్‌కి చూపించండి. రక్తం శాతం, బీపీ, కుట్లు, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లైతే షుగర్ పరీక్ష మళ్లీ. తర్వాతి బిడ్డ ఎప్పుడు, అప్పటిదాకా కాపర్ టీ పెట్టించుకోవాలా, ఇంకేదైనా వాడాలా, పాలిస్తున్నంతకాలం నెలసరి రాదులే అని ధీమాగా ఉండొచ్చా (ఉండకూడదు), ఇవన్నీ ఆ రోజే అడగాలి, అత్త ముందు కాకుండా ఆమె, డాక్టరు ఇద్దరే ఉన్నప్పుడు. ఆ పదిహేను నిమిషాలు మీరు బిడ్డని ఎత్తుకుని బయట కూర్చోండి.